కంప్యూటరుకు బొట్టు

"శుక్రవారం నుంచి బిల్లులు దీంట్లోనే!" జార్జి టౌన్ ఎవర్‌సిల్వర్ స్టీలు పాత్రల కొట్లో యజమాని మునిరాజు కంప్యూటరుకు కుంకుమబొట్టు పెట్టేశాడు.

ఆ బిల్లుల ప్రోగ్రాం రాసే రాగిణి హడలిపోయింది. ఇంకా నెలల పనుంది!

"అన్నా, తెర మీద కనిపించే ఈ బిల్లు ఉత్త బొమ్మ. లోపల లెక్కలు చేసేది ఇంకా రాయలేదు. ముందు మీరు తప్పులు చెప్పాల."

"ఇంత లక్షణంగా ఉంటే తప్పేందమ్మా? నీకు సిగ్గెక్కువ!"

రాగిణి తెర ఆర్పేసింది. పాత్రలు చుట్టే కాగితం మీద అదే బిల్లును పెన్సిలుతో వంకరటింకరగా గీసింది.

మునిరాజు కళ్లజోడు పెట్టుకున్నాడు. "తూకం గడి ఏదమ్మా?" పెన్సిలు లాక్కున్నాడు. "ఈడ పాత పాత్రల మార్పిడి. ఆడ పేరు చెక్కే కూలి..." గీస్తూ గీస్తూ ఆగాడు. "అయితే పని మొదలే కాలేదా?"

"లేదన్నా."

"ముందే చెప్పకూడదా!" అంటూ కుంకుమవేలితో కాగితం మూలన బొట్టు పెట్టాడు. "ఇప్పుడు మొదలైంది పో."