మంగళవారం కుక్క

విశాఖలో సొంతానికి కుక్కను పెంచుకునే వీలు పోయి చాలా కాలమైంది. నగరపాలక సంస్థ ఏడిళ్లకు కలిపి ఒక కుక్కను ఇచ్చి, రోజుకొక గుమ్మంలో దింపేది. మిగతా ఆరిళ్లు ఎవరివో ఎవరికీ చెప్పేవారు కాదు. ఒంటరిగా ఉండే హైమావతికి మంగళవారం వచ్చింది. ఆ ఒక్కరోజూ "బంగారీ" అంటూ దానితో పొద్దస్తమానం కబుర్లు చెప్పేది.

ఒక శనివారం కుక్క పోయిందని కబురొచ్చింది. ఆవిడ జంతువుల శ్మశానానికి వెళ్లేసరికి మరో ఆరుగురు నిలబడి ఉన్నారు. ఒకరు "కెప్టెన్" అంటున్నారు, ఒకరు "లడ్డూ" అంటున్నారు. రాయి మీద ఏ పేరు చెక్కాలని అక్కడి పనివాడు అడిగితే ఏడుగురూ ఏడు పేర్లు చెప్పారు. పేరు లేకుండానే పూడ్చేశారు.

బస్టాపు దగ్గర ఒక పెద్దాయన ఆవిడ పక్కన ఆగాడు.

"నాది బుధవారమండి. మీది మంగళవారం కదూ?"

"మీకెలా తెలుసు?"

"మీ దగ్గర సాంబ్రాణి వాసన వస్తోంది. మా ఇంటికొచ్చేసరికి దాని ఒళ్లంతా ఇదే వాసన. మా ఆవిడ పోయాక మా ఇంట్లో సాంబ్రాణి వేసేవాళ్లు లేరు. అందుకే దానికి స్నానం చేయించేవాణ్ణి కాదు."

"తలారబెట్టుకుంటుంటే అది పొగ పక్కనే పడుకునేదండి," అంది హైమావతి. తను వేసుకున్న పొగ ఇంకో ఇంటిదాకా వెళ్లిందని ఆవిడ ఎన్నడూ అనుకోలేదు.

ఆయన వెళ్లాల్సిన డ్రైవరు లేని బస్సు వచ్చి ఆగింది. ఆయన ఎక్కి, వెనక్కి తిరిగాడు.

"వచ్చే మంగళవారం ఏం చేస్తారు?"

"ఏముందండి, ఏమీ లేదు."

ఆయన ఇంకో మాట వెతుక్కునేలోపే తలుపులు మూసుకుని బస్సు కదిలిపోయింది.