నాలుగో చెయ్యి

“ఎడంచెయ్యి చెల్లదు,” అన్నాడు పంచాయతీ ప్రెసిడెంటు వరదరాజులు.

కుళ్లాయప్ప ఎత్తిన ఎడంచేతిని అట్లాగే గాల్లో ఉంచి, పక్కనున్న తోటి సభ్యుడు ఈశ్వరయ్య వైపు చూశాడు. ఈశ్వరయ్యకు ఒళ్లు మండింది.

“చెయ్యి చెయ్యే గదప్పా! దాంట్లో కుడేంది, ఎడమేంది?”

“గంగమ్మను పైకి తెచ్చే పని. ఎడంచేత్తో ఒప్పుకుంటే నీళ్లు పడతాయా? నీ కూతురి తాంబూలం ఎడంచేత్తో తీసుకుంటావా నువ్వు?”

కిటికీల దగ్గర మూగిన జనం తలలూపారు. బావి కోసం వచ్చిన పైపల్లె వాళ్లు కూడా ఊపారు. నిజం చెప్పాలంటే ఆ మాట ఈశ్వరయ్య మనసుకూ తగిలింది.

గుమాస్తా గురురాజారావు రూల్సు పుస్తకం తిరగేసి, “చేతులెత్తవలెను అనే ఉంది. ఏ చెయ్యో రాయలేదు,” అని గొణిగాడు.

“రాయకపోతే మనకు తెలీదా?”

సభ్యులు ఏడుగురు. సర్కారు ఇచ్చిన మంచినీళ్ల బావి ఒక్కటి. దాన్ని తన వీధిలో తవ్వించుకోవాలని వరదరాజులు. పైపల్లెలో తవ్వించాలని ఈశ్వరయ్య. అక్కడి ఆడవాళ్లు మైలున్నర నడిచి కుందూ ఏటి ఇసకలో చెలమలు తోడి బిందె నింపుకుంటున్నారు. కుళ్లాయప్ప చెయ్యి లెక్కకొస్తే పైపల్లెకు నాలుగు, వీధికి మూడు. రాకపోతే మూడూ మూడు. సమానమైతే ప్రెసిడెంటు ఎటంటే అటు.

“అన్యాయమని ఎవరూ అనొద్దు. వచ్చే నెలకు వాయిదా వేస్తాండా,” అన్నాడు వరదరాజులు నవ్వుతూ. “కుళ్లాయప్ప కుడిచెయ్యి తలకాయ దాటి లేస్తే బావి మీదే.”

ఆ చెయ్యి రొమ్ము దాటదని ఊరంతటికీ తెలుసు. వాగులో పడిన గొర్రెను గట్టుకు లాగబోయి భుజం తొలగి ఆరు నెలలైంది. కీలు ఎక్కించారు గానీ అది బిగదీసుకుపోయింది.

మర్నాడే ఈశ్వరయ్య అతన్ని బండెక్కించి జమ్మలమడుగు ఆస్పత్రికి తోలుకుపోయాడు.

డాక్టరమ్మ చేతిని మెల్లగా తిప్పి చూసింది. “ఇన్నాళ్లూ కట్టు కట్టుకుని కదలకుండా పెట్టినావా? అందుకే బిగిసింది. పని మానొద్దు, బరువు మొయ్యొద్దు. రెండు పూటలా గోడమీద వేళ్లు పాకించు.”

“నెలలో లేస్తాదా అమ్మా?” ఈశ్వరయ్య అడిగాడు.

“తొందరపెడితే ఏడాదికీ లేవదు.”

విన్నదెవరు? తెల్లారేసరికి ఈశ్వరయ్య కుళ్లాయప్ప వాకిట్లో ఉండేవాడు. గోడమీద కుళ్లాయప్ప వేళ్లు తొండ పాకినట్టు పాకేవి. ఎక్కడ ఆగితే అక్కడ ఈశ్వరయ్య బొగ్గుతో గీత గీసేవాడు. పొద్దెక్కాక కుళ్లాయప్ప మంద వెంట బీడుకూ పోయేవాడు. అక్కడ తుమ్మకొమ్మ మీదుగా తాడు వేసి, ఒక కొస కుడిచేతికి కట్టి, రెండో కొస ఎడంచేత్తో లాగించేవాడు.

“మామా, నిన్నటికంటే అరంగుళం తగ్గినట్టుండాదే?”

“పొద్దున్నే బిగుసుకుంటాది అల్లుడా. నాలుగడుగులు తిరిగితే వదులైతాది.”

“నువ్వు కూచో. గొర్రెల్ని నేను తోల్తా.”

“కూచోవద్దనే గదరా ఆ యమ్మ చెప్పింది!”

కుళ్లాయప్ప భార్య చిన్నసుబ్బమ్మకు రోసిపోయింది. “అది నా మొగుడి భుజమనుకుంటాండావా, నీ బావి గిలక అనుకుంటాండావా? ముద్ద గొంతు దిగనియ్యవు గదా!”

“బావి పడితే నీకే గదత్తా నడక తప్పేది.”

“అది పడేలోపల ఈయన పడిపోయేట్టుండాడు.”

పన్నెండో నాడు ఈశ్వరయ్య ఉండబట్టలేక మోచెయ్యి కింద చెయ్యేసి ఒక్క నూకు నూకాడు. కుళ్లాయప్ప పెట్టిన కేకకు గొర్రెలు బెదిరి చెల్లాచెదురయ్యాయి. మూడు దినాలు ఆ చెయ్యి నడుము దాటలేదు. మూడు దినాలూ ఈశ్వరయ్యకు అన్నం సయించలేదు. నాలుగో నాడు వేళ్లు మళ్లీ పాకాయి. ఈసారి ఈశ్వరయ్య రెండు బారల దూరంలో కూర్చుని, గడ్డిపరకలు తుంచుతూ, నోరు మూసుకుని చూశాడు. మీటింగు ముందురోజు గీత కనుబొమల దగ్గర ఆగింది.

మీటింగు నాడు పైపల్లె అంతా పంచాయతీ ఆఫీసు దగ్గరే ఉంది.

బావి తన వీధికి కావాలని వరదరాజులు ముందు తనవాళ్ల చేతులెత్తించాడు. మూడు. తర్వాత గొంతు సవరించుకున్నాడు. “ఈశ్వరయ్యా, నువ్వు దూరం జరుగు. నువ్వు పట్టి లేపినావంటే అది ఆయన ఓటు కాదు.”

“ముట్టుకుంటే అడుగు!” ఈశ్వరయ్య చివాలున లేచి గోడకు ఆనుకుని, అందరూ చూసేటట్టు రెండు చేతులూ వెనక్కి కట్టుకున్నాడు.

“పైపల్లెలో తవ్వాలనేవాళ్లు కుడిచేతులు ఎత్తండి.”

కుళ్లాయప్ప చెయ్యి కదిలింది. రొమ్ము దాటింది. గడ్డం దాటింది. కనుబొమల దగ్గర ఆగింది. నుదుట చెమట కారి మీసాల్లోకి దిగింది. ఈశ్వరయ్య వెనక కట్టుకున్న చేతుల్ని ఇంకా బిగించాడు. కుళ్లాయప్ప కళ్లు మూసుకున్నాడు. ఎదురుగా గోడ ఉన్నట్టే వేళ్లు గాల్లో పాకాయి. ఒక వేలు, ఇంకో వేలు. చెయ్యి తలకు చుట్టిన రుమాలు దాటి నిట్టనిలువుగా లేచింది.

కిటికీలన్నీ ఒక్కసారి ఈలలేశాయి. చిన్నసుబ్బమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. ఈశ్వరయ్య కళ్లలో నీళ్లు తిరిగి ఆ చెయ్యి రెండు చేతులై కనబడింది.

గురురాజారావు కలంతో లెక్కపెట్టి పుస్తకంలో రాసుకున్నాడు.

“ఇంక దించండి,” అన్నాడు వరదరాజులు గబుక్కున.

ఈశ్వరయ్య ఉరికిపోయి కుళ్లాయప్పను కావలించుకున్నాడు. “గెలిచినాం మామా! నాలుగు!”

“మూడు,” అన్నాడు గురురాజారావు.

“మూడేంది సామీ? మా మామది లెక్కపెట్టలేదా?”

“ఆయనదే మొదట లెక్కపెట్టినా. నువ్వు ఎత్తితే గదా ఈశ్వరయ్యా, నాలుగయ్యేది!”