బాతత్త అడిగిన ప్రశ్న

దొడ్డిలో జరిగేదంతా గోరింక చూస్తుంది. కానీ అడిగేవాళ్లు ప్రశ్నలో ఏం పెడితే దాన్నే పెంచి కథ చెబుతుంది.

గుడ్లు వదిలి వెళ్లిన కోడిపెట్టను గెంటేయాలని ఒకరోజు పంచాయితీ కూడింది. "ఈ బరితెగించిన పెట్ట ఎవడికోసం పరిగెత్తిందే?" అని పుంజు అడిగింది. గోరింక వెంటనే పెట్టకు పొరుగు పుంజుతో సరసమని ఒక కథ అల్లేసింది.

అప్పుడు ముసలి బాతు, "గోరింకమ్మా, పెట్ట గుడ్ల మీంచి లేచినప్పుడు నువ్వేం చూశావు?" అంది.

"పాము వచ్చింది. పెట్ట దాన్ని రెచ్చగొట్టి ముళ్లకంచె దాకా తన వెంట తిప్పుకుపోయింది."

అంత సాదా ప్రశ్న అడగడానికి దొడ్డిలో ఇంకెవరికీ తెలివి చాలలేదు.

"నేనెంత వీరోచితంగా పోరాడానో కూడా అడుగు, బాతత్తా," అంది పుంజు.

"అలా అడగను నాయనా. పాము వచ్చినప్పుడు నువ్వెక్కడున్నావని అడుగుతాను."

"అయితే వద్దులే," అంది పుంజు.

అప్పటికే పెట్ట వెళ్లి గుడ్ల మీద కూర్చుంది.