ఎక్కని వరుస

నాలుగు వందల పదకొండు ఫిర్యాదులు ఎక్కాయి. ఒక్కటి మాత్రం మొరాయిస్తోంది.

శశిభూషణ్ మళ్లీ బటన్ నొక్కాడు. తెర మీద మళ్లీ అవే ఎర్రటి అక్షరాలు. ఆ ఒక్క వరుసను తీసుకోనంటోంది సాఫ్ట్‌వేర్.

ర్యాగింగ్ ఫిర్యాదుల మీద యూనివర్సిటీ నిబంధనల ప్రకారం నడుచుకుంటోందా లేదా అన్నది ఇకపై ఈ సాఫ్ట్‌వేరే చూస్తుంది. పాత రిజిస్టర్లను అందులోకి ఎక్కించడం శశిభూషణ్ పని. ఒకప్పుడు అతను ఇక్కడి హాస్టల్లోనే ఉండి చదువుకున్నాడు. పొద్దున పదింటికి వచ్చి, గంటలో అయిపోతుందన్నాడు. ఇప్పుడు మూడు దాటింది.

"నేనే తప్పు కొట్టిన్నేమో సారూ," అంది క్లర్క్ అమృతమ్మ చిన్నబోయి. రిజిస్టర్లు చూసి కంప్యూటర్లో కొట్టింది ఆమే. "కండ్లు మునుపటి లెక్క ఆనుతలెవ్వు."

శశిభూషణ్‌కి ఆమె ముఖంలోకి చూడబుద్ధి కాలేదు.

"మీ తప్పేం లేదమ్మా," అన్నాడు.

తేదీలు రెండుసార్లు సరిచూశాడు. అడ్డమొచ్చిన కామాలు తీసేశాడు. లోపం అక్కడ లేదని అతనికి తెలుసు. నిందితుడి పేరు రాయాల్సిన గడి ఖాళీగా ఉంది. పేరు లేని ఫిర్యాదును సాఫ్ట్‌వేర్ తీసుకోదు.

తార్నాకలోని తమ కంపెనీ ఆఫీసు నుంచి మేనేజర్ సుధామయి ఫోన్.

"ఒక్క వరుస కోసం పొద్దంతా గాడనే కూసున్నవా? 'తెలియదు' అని కొట్టు, అయిపోతది. గిది గూడ నేర్పాల్నా నీకు?"

గది చిన్నది. ఆ మాటలు అమృతమ్మకూ వినిపించాయి. విననట్టే ఫైళ్లు సర్దుకుంది. శశిభూషణ్ చెవులు వేడెక్కాయి.

ఖాళీ గడిలో 'తెలియదు' అని టైపు చేశాడు. వేలు మాత్రం బటన్ మీదికి పోలేదు.

"ఈ ఫిర్యాదు మీకు గుర్తుందా అమ్మా?" అని అడిగాడు.

"ఎందుకు లేదు? పన్నెండేండ్లాయె. కొమురెల్లి అని, ఫస్టియర్ పిలగాడు. చలిల బట్టలిప్పిచ్చి హాస్టల్ మిద్దె మీద నిలవెట్టిన్రంట. గీడనే కూసోని ఏడ్సిండు. ఎవ్వలు చేసిన్రు బిడ్డా అంటే, పేరు జెప్పి మళ్ల ఆ హాస్టల్‌కే ఎట్ల పోవాలె మేడమ్ అన్నడు."

"కమిటీ అడగలేదా?"

"అడిగిన్రు. హాస్టల్ల ఒక్కలు గూడ నోరిప్పలె. వారం తిరగకముందే పిలగాడు టీసీ తీసుకొని పోయిండు. మళ్ల సదివిండో లేదో."

శశిభూషణ్ తెర వైపు తిరిగాడు. తర్వాత 'తెలియదు' అన్న మాట చెరిపేశాడు. ఆ గడిలో మెల్లగా ఏదో టైపు చేసి, బటన్ నొక్కాడు.

ఈసారి ఎర్రటి అక్షరాలు రాలేదు.

"ఎక్కింది!" అంది అమృతమ్మ సంబరంగా. కళ్లద్దాల కోసం సొరుగు వెతుకుతూ అడిగింది. "అయితే ఎవ్వలి పేరు కొట్టిన్రు సారూ?"

"నా పేరేనమ్మా," అన్నాడు శశిభూషణ్.