హెడ్ మాత్రం ముట్టుకోవద్దు

“బెల్టు ఒక్కటే మార్చండి. హెడ్ మాత్రం ముట్టుకోవద్దు.”

చెప్పినవాడు షాపుకు కొత్త. ముప్పయ్యయిదేళ్లుంటాయేమో, గడ్డం మాసి ఉంది. చంకలోని పసిబిడ్డను దించినట్టు ఫ్లాపీ డ్రైవ్‌ను బల్లమీద దించాడు.

రిపేరు షాపు ఆవిడకు నవ్వొచ్చింది. ఆ గుమ్మం ఎక్కిన ప్రతివాడూ ఆమెకు పని నేర్పేవాడే.

వీధిలో ఆమెను అందరూ స్క్రూడ్రైవరమ్మ అంటారు. టీవీకి తగిలించుకునే ఇంటి కంప్యూటర్లైనా, వాటి డ్రైవ్‌లైనా ఆమె చెయ్యి పడితే బాగుపడి తీరాల్సిందేనని పేరు.

“ఏముంది అందులో?” అంది, అతని చేతిలోని ఫ్లాపీ చూసి.

“ఒక పాటండి. కంప్యూటర్లో కట్టింది. ఉన్నది ఈ ఒక్క కాపీయే.”

“మీరు కట్టిందేనా?”

“కాదు. కట్టిన మనిషి ఇప్పుడు లేదు.”

ఆమె నోరు చప్పరించింది. “అయ్యో పాపం.”

“ఒకరికి ఈ పాట వినిపించాలి. వినిపించి ఒక మాట చెప్పాలి.”

“ఎవరికి?”

“ముందు మోగనివ్వండి. అప్పుడు చెబుతాను.”

కాస్త తిక్క మనిషిలా ఉన్నాడనుకుని, రేపు రమ్మంది.

అతను వెళ్ళాక డ్రైవ్ విప్పింది. ఫ్లాపీని తిప్పే రబ్బరు బెల్టు సాగి వేలాడుతోంది. కొత్తది వేసి కరెంటిచ్చేసరికి, ఫ్లాపీ మీద రాసీ చదివే హెడ్ టకటకమంటూ వెళ్ళి లోపలి అడ్డుకు గుద్దుకుంది.

ఈ రకం డ్రైవ్‌లకు పుట్టుకతో వచ్చిన అవలక్షణం అది. ఫ్లాపీ మీద మొదలెక్కడో కనిపెట్టే ఏర్పాటు వాటికి లేదు. అందుకని హెడ్‌ను గుడ్డిగా వెనక్కి నెడతాయి. అడ్డుకు గుద్దుకుంటే అదే మొదలని లెక్క. అలా గుద్దుకుని గుద్దుకుని, ఏళ్లు గడిచేసరికి హెడ్ వెంట్రుకవాసి పక్కకు జరుగుతుంది.

“ఏ మహానుభావుడు తయారుచేశాడో గానీ, చల్లగా ఉండాలి,” అని ఎప్పట్లాగే తిట్టుకుంది.

ఇందులోనూ హెడ్ జరిగే ఉంది. అది చూశాక ఆమె చెయ్యి ఊరుకోలేదు. ఖర్చుకు భయపడి వద్దన్నాడు కాబోలు, ఊరికే చేసిపెడదాం అనుకుంది. ఆమె దగ్గరకు వచ్చేవాళ్ళంతా బజార్లో కొన్న ఆటల ఫ్లాపీలే తెస్తారు. హెడ్ సరిచేస్తే చాలు, అవి మళ్లీ ఆడేవి.

వంకర అన్నది కంటపడితే ఆమెకు నిద్రపట్టదు. ఉన్న ఒక్క కూతుర్నీ అలాగే సరిచెయ్యబోయింది. ఆ పిల్ల నచ్చినవాణ్ణి చేసుకుని ఊరు దాటిపోయింది. ఈవిడ పంతం కొద్దీ పెళ్లికీ వెళ్లలేదు, ఆ తర్వాత వచ్చిన ఫోన్లూ ఎత్తలేదు.

మర్నాడు అతను వచ్చి కూర్చున్నాడు. ఆమె ఫ్లాపీ పెట్టింది. డ్రైవ్ గిర్రున తిరిగింది. తెరమీద ఎర్రర్ అని పడింది.

తీసి మళ్లీ పెట్టింది. మళ్లీ అదే.

“హెడ్ ముట్టుకున్నారా?” అన్నాడు మెల్లిగా.

“సరిచేశాను బాబూ, బాగా పక్కకు పోయి...” ఆమె డ్రైవ్‌ను దగ్గరికి లాక్కుంది. “ఈ పాట రాసింది ఈ డ్రైవ్‌లోనేనా?”

“అవునండి. ఇంకే డ్రైవూ దీన్ని చదవలేదు.”

వంకర హెడ్ రాసింది ఆ వంకర హెడ్డే చదవాలి. ఆమెకు తెలియని సంగతేం కాదు. అడగాల్సింది, అడగలేదు.

“కంగారుపడకండి. ఎలా ఉండేదో అలాగే తిప్పేస్తాను.”

స్క్రూ పిసరంత తిప్పి ఫ్లాపీ పెట్టింది. ఎర్రర్. ఇంకో పిసరు. ఎర్రర్.

“నా చెయ్యే అంత బాబూ, దేన్నీ ఉన్నదున్నట్టు ఉండనివ్వదు. కన్నకూతురే నాతో పడలేక పారిపోయింది,” అంది నవ్వబోయి.

అతను తలెత్తి ఆమెకేసి చూశాడు.

లోపల ఏదో గీరుకుంటున్న చప్పుడైంది. ఆమె గబుక్కున ఫ్లాపీ బయటికి లాగింది. తేమ తిన్న ఫ్లాపీ పూత రాలిపోయి, హెడ్‌కు గోధుమరంగు పొడి అంటుకుని ఉంది. ఫ్లాపీని లైటుకెదురుగా పట్టుకుంది. పాట ఉండాల్సిన చోట సన్నటి గీతలా అవతలి వెలుతురు కనిపించింది.

ఇంక ఏ స్క్రూ తిప్పీ లాభం లేదు.

ఆమె స్టూలు మీద కూలబడింది. “చంపేశాను బాబూ. చేతులారా చంపేశాను.”

“మీరు మంచి చేద్దామనే చేశారండి,” అన్నాడతను. కళ్లనిండా నీళ్లున్నాయి, గొంతులో కోపం లేదు.

“ఎవరికి వినిపించాలనుకున్నారో చెప్పండి. నేనే వెళ్ళి, పాడుచేసింది నేనేనని చెప్పుకుంటాను.”

“వద్దండి. ఇలాంటి పాట ఒకటి ఉందనే వాళ్ళకు తెలియదు.” గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగాడు. “పాట విన్నాక చెబితే తట్టుకుంటారనుకున్నాను. పాట లేకుండా ఆ మాట చెప్పే ధైర్యం నాకు లేదు.”

డ్రైవ్ అక్కడే వదిలేసి వెళ్ళిపోయాడు.

అతను అటు వెళ్ళిన కాసేపటికే ఆమె చెల్లెలు భోజనం క్యారియర్‌తో లోపలికొచ్చింది. మొహమంతా నవ్వుగా ఉంది.

“మొత్తానికి పంతం వదిలావన్నమాట. ఇన్నాళ్లకు మనసు కరిగింది, సంతోషం.”

“ఏం పంతమే?” అంది ఆమె, బల్లమీంచి తలెత్తకుండా.

“నా దగ్గరా దాపరికం? వీధి చివర ఎదురయ్యాడులే. పలకరించినా ఆగలేదు గానీ, పెళ్లిలో చూసిన మొహం నేనెలా మర్చిపోతాను?” అంటూ చెల్లెలు క్యారియర్ బల్లమీద పెట్టి, షాపంతా ఓసారి కలయజూసింది. “అది సరే గానీ అక్కా, అల్లుడొక్కడే వచ్చాడేం, మన పిల్లని తీసుకురాలేదా?”