ఏనుగును దాటించిన పుట్టి

"ఏనుగెక్కినా ఒరగదు సామీ నా పుట్టి," అన్నాడు పుట్లు కట్టే రంగన్న, ఆ గుండ్రటి తోలుపడవ అంచు మీద అరచేత్తో చరిచి. "మా తాత కట్టిన పుట్టిలో ఆదోని నవాబు ఏనుగు తుంగభద్ర దాటింది. దాటినాక దిగనని మొండికేసింది. సెరుకుగడలు సూపించి దింపినారు."

ఊరు వెయ్యిసార్లు విన్న ఏనుగే అది. విన్న ప్రతిసారీ కాస్త లావయ్యేది.

చేపల శాఖ ఆఫీసరు నవ్వాడు. ఆంధ్ర రాష్ట్రం వచ్చిన మరుసటి ఏడు అది. చేపలు పట్టే చిన్న పడవలు, పుట్లు ఎంత బరువుకు తిరగబడతాయో తేల్చడానికి ఆయన కర్నూలు నుంచి ఏటి పొడవునా ఊరూరూ తిరుగుతున్నాడు. పుట్టి నడుమ కర్ర నిలబెట్టి, దానికి దారం, దారానికి సీసపు గుండు కట్టాడు. పుట్టి ఎంత ఒరిగితే గుండు అంత జరుగుతుంది. ఆదోని గోనెసంచుల్లో తూకం వేసి కొంచెం కొంచెం ఇసుక నింపి ఒడ్డున పేర్చారు.

కౌతాళం పక్కనున్న ఆ పల్లె మొత్తం ఏటి ఒడ్డునే ఉంది. ఆఫీసరు లెక్కల కోసం కాదు. నెల కింద ఇదే పుట్టిలో వల వేయడానికి పోయిన గోవిందు మునిగి చనిపోయాడు. వెంట ఉన్న పెళ్లాం హులిగెమ్మ, రంగన్న ఒక్కగానొక్క కూతురు, పుట్టి అంచు పట్టుకుని బతికింది. ముందురోజు ఆలుమగలు పోట్లాడుకోవడం ఊరంతా విన్నది. కోడలే కావాలని పుట్టిని తిరగేసిందని అత్త దేవక్క మనవణ్ణి లాక్కుంది. ఆ రోజు ఏట్లో ఏం జరిగిందని రంగన్న కూతుర్ని ఒక్కసారీ అడగలేదు.

ఊరిపెద్ద పుల్లన్న తీర్పు ఆపాడు. పరీక్షలో పుట్టిదే తప్పని తేలితే బిడ్డ తల్లికి. పుట్టి బాగుంటే నాయనమ్మకు.

హులిగెమ్మ తండ్రి దగ్గరికి వచ్చింది. "నాయనా, పుట్టి పాతబడిందని ఒక్క మాట సెప్పు."

"నా పుట్టిని నేనే తిట్టుకోవాల్నా?"

"నీకు పుట్టి ఎక్కువా, నా బిడ్డ ఎక్కువా?"

రంగన్న మీసం దువ్వుకున్నాడు. బొటనవేలికి గుడ్డపీలిక చుట్టి ఉంది.

"వేలికేమైంది?" అన్నాడు ఆఫీసరు.

"మొసలి ముద్దు పెట్టింది సామీ. దానికి సిగ్గు తక్కువ."

ఆఫీసరు పుట్టి అడుగు తడిమి, నల్లబడిన చేతిని చూసుకున్నాడు. "తారు ఇంకా ఆరలేదే?"

"తమరొస్తాండారని పెండ్లికూతురి మాదిరి సింగారించినా."

"ఆయప్ప నోటితోనే బాగుందంటాండాడు," అంది దేవక్క, చంకలో బిడ్డను సర్దుకుంటూ. "ఇంక పరీచ్చ ఎందుకంట?"

"రంగన్న మాట మీద తీర్పు సెప్పాలంటే ఆ ఏనుగుక్కూడా సెప్పల్ల," అన్నాడు పుల్లన్న. "పైగా కన్నతండ్రి. బాగుందన్నా నమ్మం, బాగలేదన్నా నమ్మం. మూటలే సెప్పనీ."

ఇద్దరు బెస్తలు నీళ్లలోకి దిగి పుట్టిని మడుగు అంచుకు లాగారు. ఒక మూట పెట్టారు. గుండు కదల్లేదు. రెండోది పెట్టారు. కదల్లేదు. దేవక్క బిడ్డను రొమ్ముకు అదుముకుంది. హులిగెమ్మ కళ్లు మూసుకుంది.

మూడో మూట ఒక పక్కకు పెట్టారు. గుండు రవ్వంత జరిగింది.

"ఏనుగు ఇంకా ఎక్కనే లేదు సామీ," అన్నాడు రంగన్న.

నాలుగో మూటకు అడుగున ఏదో పటపటమని తెగింది. నీళ్లు లోపలికి ఉబికాయి. పుట్టి పక్కకు ఒరిగి, మూటలతో, గుండుతో సహా మడుగు అడుక్కి పోయింది.

"నాలుగు మూటలంటే ఇద్దరు మనుషుల బరువు," అన్నాడు ఆఫీసరు రాసుకుంటూ. "కుట్టు బలహీనం. ఇది మనుషులు ఎక్కదగిన పుట్టి కాదు."

పుల్లన్న బిడ్డను తీసి హులిగెమ్మ చేతుల్లో పెట్టాడు. దేవక్క ఇసుకలో కూలబడింది.

"నా కొడుకును మింగింది ఏరు కాదన్నా. నువ్వు," అంది రంగన్నతో.

"ముప్పై ఏండ్లు నీ పుట్లే ఎక్కినాము రంగన్నా," అన్నాడు పుల్లన్న. "ఇంక ఎవురూ ఎక్కరు."

హులిగెమ్మ తండ్రి ముందుకొచ్చి నిలబడింది. "తెలిసే ఎక్కించినావా నాయనా, నా మొగున్ని?"

రంగన్న నోరు తెరిచి, మూసి, మళ్లీ తెరిచాడు. "ఏనుగు కన్నా ఇసుక బరువని నాకేం తెలుసమ్మా?"

ఎవరూ నవ్వలేదు.

"ఎమ్మిగనూరుకు పోతా," అంది హులిగెమ్మ. "మగ్గాలకాడ కండెలు సుట్టుకొనైనా బతుకుతాం. నువ్వు సచ్చినా నాకు కబురు పంపొద్దు."

బిడ్డ ఆమె భుజం మీంచి వెనక్కి చూస్తూ పోయాడు. దారి మలుపు దాకా రంగన్న గుడ్డపీలిక చుట్టిన వేలును వాడికి ఆడిస్తూనే ఉన్నాడు.

ఒడ్డు ఖాళీ అయ్యాక మోకాలి లోతు నీళ్లలోకి దిగాడు. తండ్రి నుంచి వచ్చిన, తోలు కోసే కత్తిని మొలలోంచి తీసి, పుట్టి మునిగిన చోటుకు విసిరాడు.

నిన్న ఆ పుట్టి కుట్లు కోసింది ఆ కత్తే.