మళ్ళీ తాలు

పొద్దున్నుంచే ఎండ బాగా కాసింది. కల్లంలో వెంకటేశ్వరమ్మ ఎండు మిరపకాయల్లోంచి తెల్లబారిన తాలు కాయలు ఏరుతోంది. ఆస్తి పంపకాల్లో ఆమె పెద్దకొడుకు వంతుకు వచ్చింది. కాయలు ఏరేదాకానే ఉంటానని చిన్నకొడుకు శ్రీకృష్ణ ఇంటికి ఆమె వచ్చి నెల దాటింది.

"ఏరా, నిన్న ఏరిన రాశిలో మళ్ళీ ఇంత తాలేందిరా?"

"నీకు చూపు ఆనట్లేదమ్మా. ఇంకోసారి ఏరుదువులే."

"నీ మొహం! సూదిలో దారం ఎక్కిస్తా, చూస్తావా?"

మధ్యాహ్నం ఆమెను తీసుకెళ్ళడానికి పెద్దకొడుకు పర్చూరు నుంచి మోటారుసైకిలు మీద వచ్చాడు. వస్తూనే తమ్ముడి మీద ఎగిరాడు.

"ఊళ్ళో అందరి కాయలూ గుంటూరు యార్డుకి పోయినయ్. రేటు పడిపోతా ఉంటే నువ్వింకా అమ్మ చేత ఏరిస్తానే ఉన్నావేందిరా?"

శ్రీకృష్ణ గోనెసంచులు దులుపుతూ ఉండిపోయాడు.

వెంకటేశ్వరమ్మ పెద్దవాణ్ణి పక్కకు పిలిచింది.

"వాణ్ణేమీ అనమాక. పనైపోతే నీ దగ్గరికి వచ్చేస్తానని, నేను ఇంట్లోకి పోగానే ఏరిన తాలంతా తెచ్చి రాశిలో కలుపుతున్నాడు. కిటికీలోంచి రోజూ చూస్తానే ఉన్నా. వాడు కలిపినన్నాళ్ళూ ఏరతా."

సాయంత్రం అయిదింటికి పెద్దకొడుకు ఒక్కడే పర్చూరు వెళ్ళిపోయాడు.